బర్రె ఎముక ఎందుకు నమిలింది

కొత్తగా పశువుల దవాఖానల చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒక్కటే: "సార్, ఎద్దు తన్నదా?" తన్నుతది నాయనా. తన్నుతది, పొడుస్తది, మీద పేడ కూడ ఏస్తది. నా ఎడమ మోకాలు రెండుసార్లు జరిగింది. కట్టు కడితే మానిపోయింది. మానని దెబ్బ వేరే ఉన్నది, అది చెప్త.

నేను చేసిన ముప్పై చిల్లర ఏండ్ల నౌకరీల ప్రమోషన్లు, బదిలీలు, పై ఆఫీసు కాగితాలు అన్నీ పక్కకు పెడుతున్న. ఎవనికి కావాలె అవి? ఒక ఊరు, ఒక ఆడమనిషి, రెండు బర్రెలు, గంతే. ఊరు త్రిపురారం దిక్కున్నది, పేరు రాయను. ఆనాడు ఆ వాకిట్ల నిలవడ్డోళ్ల మనవలు ఇయ్యాల చదువుకొని మంచిగ బతుకుతున్నరు, వాళ్లను పరేషాన్ చెయ్యడం నాకు ఇష్టం లేదు. మనుషుల పేర్లు కూడ మార్చిన.

ఒకటి మాత్రం ముందే చెప్తున్న. ఇందుల మొదటి తప్పు నాది. ఊరోళ్లది ఆ తర్వాతనే.

హమీద్ సాబ్ చెప్పిన మూడు పనులు

పందొమ్మిదొందల యాభై ఆరు, రాష్ట్రం కొత్తగ ఏర్పడ్డ రోజులు. నా మొదటి పోస్టింగ్ సూర్యాపేటల. నా పైన హమీద్ సాబ్ అని నిజాం కాలం నుంచి నౌకరీల ఉన్న పెద్ద డాక్టర్ ఉండె. సన్నగ, పొడుగ్గ ఉంటడు, నోట్లె ఎప్పుడూ పాన్, కోపం ముక్కు మీద. తెలుగు, ఉర్దూ కలిపి కొడితే ఎదుటోనికి ఏ భాషల తిట్లు పడ్డయో ఇంటికి పోయినంక అర్థమయ్యేది.

ఒకనాడు ఒక ఆవును తోలుకొచ్చిండ్రు. నేను దూరం నుంచే చూసి, "ఇది అజీర్తి" అన్న. హమీద్ సాబ్ పాన్ ఉమ్మి నా మొఖం చూసిండు. "అచ్ఛా? ఆవు నీకు చెవుల చెప్పిందా మియా?" అని, ఆ రైతు ముందల్నే నన్ను ఎండల రెండు మైళ్లు నడిపించి వాళ్ల ఇంటికి తీస్కపోయిండు. గడ్డివాము కాడ నిలబెట్టి, గడ్డి చేతిల పెట్టి వాసన చూడమన్నడు. బూజు వాసన గుప్పున కొట్టింది. నాకు తలకాయ తీసేసినట్టయింది.

"ఇగ విను. ముందు గడ్డివాము చూడు. తర్వాత థర్మామీటర్ పెట్టు. అప్పుడు నోరు తెరువు. నీ పేషెంట్‌కు నోరు లేదు, అందుకని నీ నోరు జర భద్రం" అన్నడు.

ఆ మాట అప్పుడు నాకు ముసలాయన చాదస్తం లెక్క అనిపించింది.

కోదాడల తలకెక్కింది

ఆ తర్వాత కోదాడకు ఏసిండ్రు. అక్కడ ఒక రైతు పాడి ఆవుకు మూత్రం ఎర్రగ వస్తున్నదని లబోదిబోమని వచ్చిండు. ఒంటి నిండ రక్తం పీల్చే పిడుదులు ఉన్నయ్. ఒళ్లు కాలిపోతున్నది. పిడుదుల జ్వరం, అనుమానమే లేదు. ఆ రోజుల్ల దానికి నీలి మందు ఉండేది. బట్టలకేసే నీలిమందు కాదు, మెడ నరంల కెక్కించే సూది మందు, సిరా లెక్క ఉంటది. ఎక్కిచ్చిన, రెండో నాటికి ఆవు లేచి గడ్డి కొరికింది.

ఆ రైతు నా చేతులు పట్టుకొని, "డాక్టరు గారూ, మీ చేతిలో ఏదో ఉందండీ! మందు కాదండీ, ఆ చెయ్యేనండీ!" అన్నడు. బజార్ల పోతుంటే మనుషులు లేచి నిలబడుడు మొదలైంది. వయసుల ఉన్న, పెండ్లి కొత్త, ఇగ నాకంటే మొనగాడు ఎవడు?

పిల్లలూ, మనిషికి తప్పు దారి నేర్పేది ఓటమి అనుకుంటరు మీరు. నాకు తప్పు నేర్పింది ఆ కోదాడ ఆవు. దాన్ని బాగు చేసినందుకే తర్వాత అంత పని అయింది.

కాలువ నీళ్లు వచ్చినంక

మిర్యాలగూడకు బదిలీ అయ్యేటాలకు అక్కడ కాలువ నీళ్లు పారుడు మొదలైంది. అంతకుముందు ఆ పల్లెలల్ల జొన్న, పెసర, పల్లికాయ. బర్రెలు చొప్ప తినేటియి, బీళ్లల్ల మేసేటియి. కొద్దిగ వరి పండితే ఆడోళ్లు ఇంట్లనే దంచి, తవుడు చెరిగి, కుడితిల కలిపి పెట్టేటోళ్లు. నీళ్లొచ్చినంక బీళ్లన్నీ వరి మళ్లు అయినయ్. వడ్లు బండ్ల మీద మిర్యాలగూడ మిల్లులకు పోయేటియి. తెల్లటి బియ్యం ఇంటికొచ్చేటియి, తవుడు మిల్లుల్నే ఉండిపోయేది. ఇంటి ముందల వరిగడ్డి వాములు మాత్రం మిద్దెలంత లేచినయ్. ప్రతి ఇంటికి ఒక కొత్త పాడి బర్రె. చూసేటోనికి పచ్చగ, కడుపు నిండినట్టు ఉండేది ఊరు.

నేనొక్కన్నే కాదు, ఎవ్వరూ అడగలే: బర్రె కుండల్ల పాలు పోస్తున్నది, దానికి లోపలికి ఏం పోతున్నది?

దానికి తోడు నేను చెప్పే ఊర్ల ఒక పద్ధతి ఉండె. ఈనిన బర్రెకు బాలింత లెక్కనే పథ్యం పట్టేటోళ్లు. వేడినీళ్లు, బెల్లం, వామ. నెలదాటె దాక తవుడు, గానుగ చెక్క అస్సలు ముట్టించరు, వాతం చేస్తదని. ప్రేమతోనే చేసేటోళ్లు పాపం, బిడ్డ లెక్క చూసుకొనేటోళ్లు. వరిగడ్డి ఒక్కటే మేత.

ఆ ఊరి చివరన సోమమ్మ ఉండేది. నలభై అయిదేండ్ల మనిషి. మొగుడు గొర్లు కాసేటోడు, పోయిండు. ఆ ఏడే గొర్లకు రోగమొచ్చి మంద పోయింది. ఆమె చేన్లు, వాగులు తిరిగి ఎండిన ఎముకలు ఏరుకొచ్చి గుడిసె వెనక కుప్ప పోసేది. ఏడాదికి రెండుసార్లు ఎరువుల కోసం ఎముకలు కొనేటోని బండి వచ్చి తీస్కపోయేది. కాన్పులకు పిలిస్తే కూడ పోయేది. ఎవ్వరి జోలికీ పోని మనిషి.

ఆమె గుడిసె కాడికి బర్రెలు పోవుడు మొదలుపెట్టినయ్. పలుపు తెంపుకొని మరీ పోయి, ఆ కుప్పల ఎముక నోట కరుచుకొని, సొంగ కార్చుకుంట నమిలేటియి.

నీలం

యాదగిరి అని మంచి రైతు. కొత్తగ రెండు బర్రెలు కొన్నడు. పెద్దది ఈని ఇరవై రోజులైనంక మూత్రం ఎర్రగ, కాఫీ డికాక్షన్ లెక్క పోస్తున్నదని నన్ను పిలిచిండు. నేను పోయేటాలకు వాకిలి నిండ జనం. సోమమ్మ కూడ గోడ పక్కన నిలబడి చూస్తున్నది.

నేను మూత్రం చూసిన, అంతే. కోదాడ ఆవు యాదికొచ్చింది. తోక కింద రెండు పిడుదులు కూడ కనపడ్డయ్. ఏ బర్రెకు ఉండవు రెండు పిడుదులు? జేబుల థర్మామీటర్ ఉన్నది, జనం చూస్తున్నరు, తీయలే. గడ్డివాము పక్కనే ఉన్నది, దాని దిక్కు మెడ కూడ తిప్పలే. నీలి మందు ఎక్కిచ్చి, చేతులు కడుక్కుంట, అందరికీ వినపడేటట్టు అన్న: "చిన్న జ్వరం. రెండు రోజులల్ల తగ్గకపోతే నా పేరు మార్చుకుంట!"

మూడో నాడు బర్రె సచ్చింది. నాకు కబురు ఆలస్యంగ తెలిసింది. బాధ అయింది గని, అన్ని పశువులూ బతుకుతయా అనుకొని ఊకున్న.

పది పన్నెండు రోజులకు, ఒక శుక్రవారం పొద్దుగాల, యాదగిరి భార్య అండాలు ఒక్కతే బస్సుల మిర్యాలగూడ దవాఖానకు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక గదిల నిలబడ్డది.

"సారూ, మొన్న ఈనిన మా రెండో బర్రె గూడ ఎర్రగ పోస్తుంది. నేనొచ్చిన్నని మా ఆయనకు తెల్వదు. తెలిస్తే సంపుతడు."

"వస్త పా, ఇప్పుడే వస్త" అన్న.

"బర్రె గురించి గాదు సారూ!" అని ఏడ్సింది. "సోమవ్వ గురించి. ఆమెనే బాణామతి సేసిందంటున్నరు. ఐతారం నాడు పళ్లు పీకుతరట. కమ్మరాయన కాడ పట్టకారు గూడ అడిగి పెట్టిండ్రు."

గిట్టనోళ్ల మీద మంత్రం పెట్టుడును మా దిక్కు బాణామతి అంటరు. పళ్లు ఊడగొడితే నోట మంత్రం సరిగ్గ పలకదు, ఖతం అయితదని నమ్మకం. పళ్లు పీకినంక మనిషిని ఊళ్లె ఉండనియ్యరు. ఒక్కోసారి బతకనియ్యరు.

"ఆమె మీద ఎందుకు అనుమానం?"

"మా బర్రెలు రెండూ ఆమె ఇంటికే పోయి ఎముకలు నమిలినయ్ గద సారూ. బర్రె యాడనన్న ఎముక తింటదా? ఆమె పిలిస్తెనే పోయినయంటున్నరు. ఇగ నీ సూది గూడ పని సెయ్యకపాయె. డాక్టర్ సూదికే లొంగలేదంటే గది రోగం కాదన్నరు. మల్ల..." ఆగింది. "సచ్చిన బర్రె తోలు తీస్తే లోపలంత నీలం సారూ. కండ నీలం, నాలుక నీలం. ఊరంత సూసింది. గసుంటి సావు ఎవ్వరూ సూడలే."

ఆ నీలం నాది. నేను ఎక్కిచ్చిన మందు ఒంట్లకు పోయి కండకు, తోలుకు పట్టుకుంటది, వారాల తరబడి పోదు. నేను ఆ సంగతి ఒక్క ముక్క చెప్పలే. పేరు మార్చుకుంటనని మాత్రం ఒర్రిన.

"నా బిడ్డకు బొడ్డు కోసింది ఆమెనే" అన్నది అండాలు. "గిది పాపం గాదా సారూ? నువ్వు ఏదో ఒకటి సెయ్యి."

ముందు ఠాణాకు పోయిన. అక్కడున్నాయన, "ఏమన్న అయినంక చెప్పండి, చూద్దాం" అన్నడు. ఏమన్న అయినంక చూసేదేముంటది? రోగం ఏందో తెల్వకుండ ఊళ్లెకు పోయి ఏం లాభమని బస్టాండుకు ఉరికి సూర్యాపేట బస్సెక్కిన.

"జ్వరం ఎంత ఉండె?"

హమీద్ సాబ్ అప్పటికి రిటైరై ఇంటి పట్టునే ఉంటున్నడు. అంతా చెప్పిన. పాన్‌దాన్ దగ్గరికి జరుపుకొని అడిగిండు.

"జ్వరం ఎంత ఉండె?"

నేను గోడ దిక్కు చూసిన.

"అరే, జ్వరం ఎంత ఉండె మియా?"

"చూడలే సాబ్."

"థర్మామీటర్ ఏడ ఉండె?"

"జేబుల ఉండె."

ఆయన తిడితే బాగుండు. తిట్టలే. తల దించుకొని ఆకుకు సున్నం రాసుకుంట కూసున్నడు. ఆ నిమిషం నాకు ఇప్పటికీ కలలకొస్తది.

"మేత?"

"వరిగడ్డి సాబ్. తవుడు మిల్లుకు పోతది. ఈనినంక పథ్యం అట, అసలే పెట్టరు. ఎముకలు మాత్రం నములుతున్నదట."

ఆకు కింద పెట్టిండు. "అది మంత్రం కాదు, ఆకలి. దాని రక్తంల ఫాస్ఫేట్ ఖతమైంది. పాల పొంట అంతా పోయింది, గడ్డిల రాదు, తవుడు మీరు ఇయ్యరు. అందుకని ఎముక అడుగుతుంది. నీకంటే నీ బర్రెకే ఎక్కువ తెలుసు మియా. పోయి జ్వరం చూడు. జ్వరం లేకపోతే సోడియం ఆసిడ్ ఫాస్ఫేట్, మరిగిచ్చి సల్లార్చిన మంచి నీళ్లల్ల కలిపి, నరంలకు నిదానంగ. నిదానంగ అంటే నిదానంగ. తొందరపడితే గుండె ఆగుతది."

"తగ్గుతదా సాబ్?"

"నేను ఎప్పుడన్న తగ్గుతదని చెప్పిన్నా నీకు?" అన్నడు.

పట్టకారు

శనివారం, దవాఖానల ఫాస్ఫేట్ మందు కలుపుకొని, మొదటి బస్సుకు పోయిన. మరునాడు ఐతారం అన్నరు గని, పొద్దుగాలనే బర్రె కూలవడ్డదట, ఆగలే. నేను యాదగిరి వాకిట్ల అడుగు పెట్టేటాలకు సోమమ్మను నట్టనడుమ కూసోబెట్టి ఉంచిండ్రు. చేతులు వెనకకు కట్టిండ్రు. జుట్టు ఊడిపోయి మొఖం మీద పడ్డది. ఆమె ముందల గోనెపట్ట, దాని మీద పట్టకారు. ముప్పై నలభై మంది ఉన్నరు గని ఒక్కడు మాట్లాడుతలేడు. అరిచే జనమంటే నాకు అంత భయం లేదు, ఆ సప్పుడు లేని జనాన్ని చూసి భయపడ్డ.

"యాదగిరన్నా, బర్రెను చూడనియ్యి" అన్న.

"సూసింది సాలు సారు. మీ సేతిల ఏం లేదు. ఈమె సేతిల ఉన్నది" అన్నడు. కండ్లు ఎర్రగున్నయ్. ఆయన కూడ భయపడ్డడు, అది నాకు తెలుస్తున్నది. ఇంట్ల చిన్న పిల్లలున్నరు, బర్రెల తర్వాత వాళ్లనే అనుకుంటున్నడు.

నా పెట్టెల నీలి మందు సీసా ఉండె. తీసిన. మూత తీసి నా అరచేతిల పోసుకున్న. చేతి సందుల కెళ్లి నీలం కారి అంగీ మీద పడ్డది.

"చూడుండ్రి. మీరు చూసిన నీలం ఇదే. ఈమెది కాదు, నాది. పెద్ద బర్రెకు రోగం ఒకటుంటే మందు ఇంకొకటి ఇచ్చిన. జ్వరం కూడ చూడలే. దాన్ని నేనే సంపిన."

వెనక నుంచి ఎవరో, "అయితే నీ పళ్లు పీకాల్నా?" అన్నరు. ఎవ్వరూ నవ్వలే.

"పీకుండ్రి" అన్న. కోపంల అన్న, ధైర్యంతోని కాదు. "ఈ బర్రె సస్తే రేపు నావి పీకుండ్రి. అప్పటిదాక ఆమె కట్లు విప్పుండ్రి, నా పక్కన కూసోనియ్యుండ్రి."

యాదగిరి నా చెయ్యి దిక్కు చూసిండు. చివరికి తనే విప్పిండు.

థర్మామీటర్ పెట్టిన. జ్వరం లేదు. చిగుళ్లు కాగితం లెక్క తెల్లగున్నయ్. మెడ నరం దొరకబట్టి ఫాస్ఫేట్ సీసా ఎత్తి పట్టుకున్న. చుక్క చుక్క. చెయ్యి గుంజుతున్నది. బర్రె ఒకసారి పెద్దగ ఊపిరి తీస్తే నా ప్రాణం పోయినంత పనైంది. సాయంత్రం మళ్లొకసారి, ఈసారి తోలు కింద. ఇగ చేసేదేం లేదు, కూసోవాలె.

సోమమ్మ నా పక్కన మోకాళ్లు ముడుసుకొని కూసున్నది. ఎప్పటికో మెల్లగ అడిగింది.

"సారూ, బర్రె బతుకుతదా?"

"బతుకుతది."

"నిజం సెప్పు."

"నాకు తెల్వదు సోమమ్మా."

ఆమె నా దిక్కు తిరిగింది. "గా మాట పెద్ద బర్రెకు సూది ఏసిన నాడు ఎందుకనకపోతివి? నేను గోడ కాడనే ఉంటి" అన్నది. తిట్టినట్టు అనలే, అడిగినట్టే అన్నది. నా నీలపు చెయ్యి చూసుకుంట కూసున్న.

ఐతారం పొద్దుగాల మూడో మోతాదు ఎక్కిచ్చిన. పొద్దెక్కినంక బర్రె ముందరి కాళ్లు కూడగట్టుకొని లేచి నిలబడ్డది. మూత్రం పోసింది. డికాక్షన్ రంగు పోయి పలుచటి చాయ్ లెక్క ఉన్నది. మధ్యాహ్నం దాటేటాలకు గడ్డి రంగుకు వచ్చింది. అండాలు గడప మీద కూలబడి మొఖం కప్పుకొని ఏడ్సింది.

నేను సంబురంల ఉన్న. అప్పుడు ఒక పెద్దమనిషి అన్నడు: "సారు సూది గట్టిది. మంత్రం ఇరిగింది. ఇగ ఇరిగినప్పుడే పళ్లు పీకాలె, మల్ల జోరు రాకముందే."

పిల్లలూ, ఆ మాట విన్నప్పుడు అయిన భయం నాకు జన్మల ఎప్పుడూ కాలే. బర్రె బతికినా ఆమె బతకదు. నేను చేసిన మంచి పనినే ఆమె మెడకు కడుతున్నరు. నాకు సాయంత్రం బస్సు ఉన్నది, నేను పోత. ఆమె ఏడికి పోతది?

నోటికొచ్చింది అనేసిన. "పీకుతరా? పీకుండ్రి. ఈ బర్రెకు ఇంక ఆరు నెలలు రోజూ మందు పడాలె. ఆ మందు ఎముకల బూడిద. ఈమె కుప్పల ఎముకలే, ఈమె చేతితోనే ఇయ్యాలె. ఈమెకు ఏమన్న అయి బర్రెలు సస్తే నన్ను పిలవకుండ్రి. ఒక్క మీదే కాదు, ఊళ్లె ఏ బర్రెకన్న ఇదే మందు."

సగం నిజం. సగం అబద్ధం. ఎముకల ఫాస్ఫేట్ ఉంటది, అది నిజం. పచ్చి ఎముకలు నమిలితే వేరే ప్రాణాంతకమైన రోగాలు వస్తయ్, అందుకని తెల్లగ అయ్యేదాక కాల్చి దంచాలె, అది కూడ నిజమే. ఆమె చేతితోనే ఇయ్యాల్నన్నది నేను అల్లిన మాట. ఆమె ఎముకలు కాలిస్తే అది కూడ మంత్రమే అంటరని, కుప్ప నేనే మోసుకొచ్చి, యాదగిరి వాకిట్లనే, పట్టపగలు, నా చేతితో మంట పెట్టిన. ఆ కమురు వాసనకు అందరూ దూరం జరిగిండ్రు. సోమమ్మ ఒక్కతే దగ్గర నిలబడి కట్టెతో ఎగదోసింది. పట్టకారు యాదగిరి తీసి కమ్మరాయనకు ఇచ్చి పంపిండు.

తవుడు పెట్టమని కూడ చెప్పిన. అది ఎవ్వరి చెవికీ ఎక్కలే, మంత్రం లెక్క లేదు గద ఆ మాట.

ఒంట్ల ఎవరు చూసుకుంటరు

ఫాస్ఫేట్ సంగతి నేను తర్వాత చదువుకున్న, రిటైరైనంక కాలేజీల పాఠాలు చెప్పే ఒక మిత్రుడు ఇంకింత చెప్పిండు. మీరు పరీక్ష కోసం చదివి మరిచిపోతరు, నేను భయంతోని నేర్చుకున్న గనుక మరవలే.

రక్తంల ఎర్ర కణం చిన్న మెత్తటి సంచి. సన్నటి నాళాలల్ల వంగి, నలిగి, మళ్లా సక్కగ కావాలె. దానికి శక్తి కావాలె, ఆ శక్తి తయారు కావాలంటే ఫాస్ఫేట్ ఉండాలె. అది తక్కువైతే సంచి బిరుసెక్కి పగులుతది, లోపలి ఎరుపు మూత్రంల పడుతది. ఊరంత చూసి దడుసుకున్న ఆ ఎరుపు గదే.

ఒళ్లు ఊకె చూసుకుంట కూసోదు. ఫాస్ఫేట్ తగ్గిందని తెలువంగనే మూత్రంల పోకుండ పట్టి పెడుతది, మేతల ఉన్నదాన్ని పేగు గట్టిగ గుంజుకుంటది, ఎముకల నుంచి అప్పు తెస్తది. నెమరేసే జాతి ఉమ్మిల కెళ్లి మళ్లా మళ్లా వాడుకుంటది. అన్నీ అయిపోయినంక, మెదడు నోటికి ఒక ఆశ పుట్టిస్తది, ఎముక కొరకాలె అని. వరి మొక్క కూడ అంతేనట, మట్టిల ఫాస్ఫేట్ తక్కువైతే వేర్లకు తెలిసి, సన్న నూగు పెంచి వెతుక్కుంటది. కంటికి కనపడని సూక్ష్మజీవికి కూడ లోపల ఆ ఎరుక ఉన్నదట.

ఇంతింత జీవులకు తమకేం తక్కువైందో తెలుసు. ఆ వాకిట్ల తెల్వంది నాకొక్కనికే. బర్రె పలుపు తెంపుకొని పోయి చెప్పింది, మేం ఆ పోయిన ఇంటి మనిషిని పట్టుకున్నం.

మంచినీళ్లు

కొన్నేండ్లకు వేరే పని మీద త్రిపురారం పోయిన్నాడు ఆ ఊరికి పోయిన. బర్రెలు బాగున్నయ్. గుడిసె ఉన్న కాడనే సోమమ్మకు చిన్న పెంకుటిల్లు లేచింది. ప్రతి ఇంటోళ్లూ బర్రె ఈనంగనే బూడిదకు ఆమె దగ్గరికే వస్తున్నరు. నాకు ఛాతీ పొంగింది. మనమే గద బతికిచ్చింది అనుకున్న.

ఆమె నన్ను గుర్తుపట్టి అరుగు తుడిచి కూసోమన్నది. పళ్లన్నీ ఉన్నయ్. నవ్వితే అది చూసి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"మంచిగున్నవా సోమమ్మా?"

"ఉన్న సారూ. అందరొస్తరు. వాకిలి బయట నిలవడి గిన్నె కింద పెడుతరు, నేను బూడిద పోసి ఇవతలికి జరిగినంక తీస్కుంటరు. కాన్పులకు పిలుస్తలేరు. యాదగిరి బిడ్డను నేనే ఎత్తుకున్న గద, ఇప్పుడది నేను ఎదురొస్తే తల్లి కొంగుల దాసుకుంటది."

"ఎందుకట్ల?"

"నా సేతిల ఉన్నదని నువ్వే అంటివి గద" అన్నది.

పళ్లు కాపాడిన గని, ఆమె చేతిల ఏదో ఉన్నదని ఊరికి డాక్టర్ నోటితోని చెప్పి వచ్చిన. కోదాడల నాకు అదే మాట అంటే ఎగిరి గంతేసిన.

ఎండకు వచ్చిన్నని ఆమె లోపలికి పోయి చెంబుల నీళ్లు తెచ్చింది. చెంబు శుభ్రంగ తోమి ఉన్నది. నేను చెయ్యి చాపిన. చాపి ఆగిన. ఎందుకాగిన్నో నాకు తెల్వదు. చదువుకున్నోన్ని, ఫాస్ఫేట్ సంగతి తెలిసినోన్ని, ఆ అబద్ధం అల్లినోన్నే నేను. ఒక్క రెప్పపాటు, అంతే.

అది ఆమె చూసింది.

"నీకు గూడ భయమేనా సారూ?" అన్నది మెల్లగ.

చెంబు తీసుకొని నీళ్లన్నీ తాగిన, ఒక్క చుక్క మిగల్చకుండ. ఆమె ఖాళీ చెంబు తీసుకొని, నా దిక్కు చూడకుండ లోపలికి పోయింది.